జీవకణము తన వ్రాతను దిద్దుకొను విధము

తాళపత్ర గ్రంథములతో పరిచయము గలవారికి లేఖక ప్రమాదము అను మాట క్రొత్తది కాదు. ఒక ప్రతిని చూచి మరియొక ప్రతి వ్రాయునప్పుడు అక్షరము జారిపోవును. ఒక పంక్తి రెండుసార్లు పడును. కాలక్రమమున పురుగు ఆకును తొలిచివేయును. తేమ తగిలి వ్రాత మాసిపోవును. అట్టి గ్రంథమును పరిష్కరింప బూనిన పండితునకు ముఖ్యముగా కావలసినది ప్రత్యంతరము. 19వ శతాబ్దిలో సి.పి. బ్రౌను దొర కడపలో పండితులను నియమించి, ఒక్కొక్క కావ్యమునకు పెక్కు ప్రతులు తెప్పించి, వానిని సరిపోల్పించి శుద్ధప్రతులు వ్రాయించినది ఇందువలననే. రెండవ ప్రతి లేనిచోట పరిష్కర్త ఎంతటి పండితుడైనను ఊహపై ఆధారపడవలసినదే.

మన దేహమునందలి జీవకణములు ఇట్టి గ్రంథపరిష్కరణమును అనుక్షణము సాగించుచున్నవి. అది నిలిచిపోయినచో కణము చచ్చును, లేదా క్యాన్సరు కణముగా మారును. ఈ పని జరుగు తీరును, అది లోపించినప్పుడు కుటుంబములకు కలుగు నష్టమును వివరించుట ఈ వ్యాసోద్దేశము.

గ్రంథము – దాని లిపి

కణము భద్రపరచుకొను ఆ గ్రంథము పేరు డి.ఎన్.ఏ. ఇది రెండు పేటలు కలిపి పురివేసిన త్రాడు వంటిది. దీని నిర్మాణమును 1953లో వాట్సన్, క్రిక్ అను శాస్త్రజ్ఞులు కేంబ్రిడ్జినుండి ప్రకటించిరి. లండనులో రోజలిండ్ ఫ్రాంక్లిన్, విల్కిన్స్ బృందములు తీసిన ఎక్స్‌రే చిత్రములు అందులకు ఆధారములైనవి. ఈ గ్రంథమునకు అక్షరములు నాలుగే: అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. ఒక పేటలో అడినిన్ ఉన్నచోట రెండవ పేటలో దానికెదురుగా థైమిన్ ఉండును. గ్వానిన్ ఉన్నచోట సైటోసిన్ ఉండును. ఈ జతలు మారవు. కావున ఒక పేటను చదివినచో రెండవ పేటలో ఏమున్నదో తడబడకుండ చెప్పవచ్చును.

తల్లినుండి వచ్చిన ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరముల జతలు గలవు. తండ్రినుండి వచ్చిన ప్రతిలోను దాదాపు అన్నియే. ఒక్క కణములోని ఈ త్రాడునంతయు సాగదీసినచో సుమారు 2 మీటర్ల పొడవుండును. అంతటిది మిల్లీమీటరులో నూరవవంతైనను లేని కేంద్రకములో ఇమిడియున్నది. ప్రకృతి ఈ గ్రంథమును ఒంటి పేటగా గాక జంట పేటగా నిర్మించుటలో గల ప్రయోజనము దిద్దుబాటును గూర్చి తెలిసికొన్నప్పుడు స్పష్టమగును. ఒక పేట చెడినప్పుడు రెండవ పేటయే ప్రత్యంతరము.

దోషములు కలుగు విధములు

డి.ఎన్.ఏ. మిక్కిలి స్థిరమైన పదార్థమని శాస్త్రజ్ఞులు చాలకాలము తలంచిరి. వంశపారంపర్యముగా వేలయేండ్లు నిలుచు లక్షణములకు ఆధారమైన వస్తువు స్థిరముగ నుండక తప్పదని వారి తర్కము. స్వీడను దేశస్థుడగు టోమస్ లిండాల్ ఈ నమ్మకమును పరీక్షకు పెట్టెను. 1970 తరువాతి సంవత్సరములలో ఆయన చేసిన ప్రయోగముల వలన డి.ఎన్.ఏ. నీటిలో, దేహపు వెచ్చదనమునందే నెమ్మదిగా చెడుచుండునని తేలినది. ఏ విషమును తగులనక్కరలేదు. ఏ కిరణమును సోకనక్కరలేదు. ఒక్క మానవకణములో ఒక్క దినమున సుమారు 10,000 అక్షరములు వెన్నుపూస వంటి చక్కెర గొలుసునుండి ఊడి రాలిపోవునని లెక్క. వందకు పైగా సైటోసిన్ అక్షరములు తమంతట తామే యురాసిల్ అను వేరొక అక్షరముగా మారును.

మనము పీల్చు ప్రాణవాయువు వలన గూడ హాని కలదు. కణము ఆహారమును దహించి శక్తిని పొందునప్పుడు పుట్టు తీక్ష్ణమైన ఆక్సిజను రూపములు గ్వానిను అక్షరమును చెరచును. ఇవి గాక వెలుపలినుండి వచ్చు హానులు వేరు. ఎండలోని అతినీలలోహిత కిరణములు ప్రక్కప్రక్కనున్న రెండు థైమిను అక్షరములను ఒకదానితో నొకటి అంటించివేయును. పొగాకు పొగలోని తారు పదార్థములు గ్వానినునకు బంకవలె పట్టుకొనును. బూజుపట్టిన వేరుశనగలో పుట్టు ఆఫ్లాటాక్సిను అను విషము కాలేయమునకు చేరి అదే విధముగా అంటుకొనును. ఎక్స్‌రే కిరణములు, రేడియో ధార్మిక కిరణములు రెండు పేటలను ఒక్కసారిగా తెంపగలవు.

ఇన్ని హానుల నడుమ గ్రంథము నిలిచియున్నదనగా దిద్దువారు లోపలనే యుండవలెను. లిండాల్ పరిశోధనమునకు దారిచూపిన తర్కమిదియే.

వెలుతురు చేయు దిద్దుబాటు

దిద్దుబాటు ఉన్నదని మొదట తెలియుట యాదృచ్ఛికముగా జరిగినది. 1949లో అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బరు ప్రయోగశాలలో ఆల్బర్ట్ కెల్నర్ సూక్ష్మజీవుల బీజములపై అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేయుచుండెను. చావవలసిన బీజములు కొన్ని మరల బ్రదుకుచుండెను. ఆ లెక్క ఒకనాటికొకనాడు కుదరకుండెను. కారణమును వెదకగా, కిరణములు సోకిన పిమ్మట మామూలు వెలుతురు తగిలిన బీజములే బ్రదుకుచున్నవని తేలినది. అదే యేట రెనాటో డుల్బెకో బాక్టీరియాను తిను వైరసులలో ఇట్టి వింతనే కనుగొనెను.

తరువాత దీనికి కారణమైన ఎంజైము దొరికినది. అది నీలిరంగు వెలుతురునుండి శక్తిని గ్రహించి, అతుక్కుపోయిన రెండు థైమినులను విడదీయును. దీని జన్యువును 1976లో అజీజ్ సన్జార్ వేరుచేసెను. ఈయన తుర్కీ దేశమున ఒక చిన్న ఊరిలో పుట్టి, వైద్యుడై, పిదప అమెరికాకు వెళ్ళి పరిశోధకుడైనవాడు. బాక్టీరియాలు, మొక్కలు, పెక్కు జంతువులు ఈ ఎంజైమును కలిగియున్నవి. మానవునకు మాత్రము ఇది లేదు. ఎండ చేసిన హానిని మనము వేరు మార్గమున దిద్దుకొనవలసియున్నది.

ఒక అక్షరమును మార్చుట

చిన్న దోషములకు చిన్న దిద్దుబాటు చాలును. సైటోసిన్ యురాసిలుగా మారినదనుకొందము. యురాసిల్ డి.ఎన్.ఏ.లో ఉండదగిన అక్షరము కాదు. లిండాల్ 1974లో కనుగొనిన ఎంజైము ఒకటి త్రాటిని తడవుకొనుచు పోయి, యురాసిల్ కనిపించినంతనే దానిని గొలుసునుండి ఊడబెరుకును. వేరొక ఎంజైము ఆ ఖాళీచోట గొలుసును తెంపును. మూడవది ఎదుటి పేటను చూచి, అచట గ్వానిన్ ఉన్నది గనుక ఇచట సైటోసిన్ ఉండవలెనని గ్రహించి దానిని చేర్చును. నాలుగవది తెగిన గొలుసును అతుకును. అక్షరములు రాలిపోయిన చోట్ల గూడ ఇట్లే జరుగును. అచట ఊడబెరుకు పని ముందే తీరియుండును.

పెద్దకాలము విద్యార్థులను వేధించిన ప్రశ్న ఒకటి ఇచట విడిపోవును. కణములోనే ఉండు ఆర్.ఎన్.ఏ.లో యురాసిల్ సహజమైన అక్షరము. డి.ఎన్.ఏ.లో దానికి బదులు థైమిన్ ఏల ఉండవలెను? థైమిన్ తయారుచేయుట కణమునకు అదనపు శ్రమ గదా! యురాసిల్ ఇచట గూడ సహజాక్షరమే అయినచో, మొదటినుండి ఉన్న యురాసిల్ ఏది, సైటోసిన్ చెడి వచ్చిన యురాసిల్ ఏది అని దిద్దు ఎంజైమునకు తెలియకపోవును. తప్పును తప్పుగా గుర్తించుటకై ప్రకృతి వేరు అక్షరమును నియమించినది.

ముక్కను కత్తిరించి పూరించుట

ఎండవలన అంటుకొన్న థైమినులు, పొగాకు తారు పట్టిన గ్వానినులు త్రాటి ఆకారమునే వంచివేయును. అక్షరమొక్కటి ఊడబెరికినంత మాత్రమున ఇవి చక్కబడవు. ఇట్టిచోట కణము దోషమునకు రెండు ప్రక్కల పేటను కత్తిరించి, ఆ ముక్కనంతయు తీసివేసి, ఎదుటి పేటను చూచి క్రొత్త ముక్కను అల్లును. బాక్టీరియాలో ఇట్టి దిద్దుబాటు జరుగుచున్నదని 1964లో అమెరికాలోని పరిశోధకులు నిరూపించిరి. ఎంజైములు ఎక్కడెక్కడ కత్తిరించునో 1983లో సన్జార్ తేటపరచెను. బాక్టీరియాలో తీసివేయబడు ముక్క 12, 13 అక్షరముల పొడవుండును. మానవకణములో సుమారు 30 అక్షరములు.

నకలులోని తప్పులు

కణము రెండుగా చీలుటకు ముందు గ్రంథమునంతటిని నకలు వ్రాయవలెను. రెండు పేటలు విడిపోయి, ఒక్కొక్కదాని కెదురుగా క్రొత్త పేట పుట్టును. వ్రాయు ఎంజైము సుమారు లక్ష అక్షరములకు ఒక తప్పు చేయును. అది వెంటనే వెనుకకు చూచుకొని తన తప్పులలో చాలభాగమును తానే దిద్దుకొనును. అప్పటికిని కోటి అక్షరములకు ఒకటి చొప్పున తప్పులు మిగులును. మిగిలినవానిని వెదకి దిద్దు వేరొక ఏర్పాటు కలదు. దానివలన తప్పుల సంఖ్య మరి నూరవవంతుకో, వేయవవంతుకో తగ్గును.

ఇచట ఒక చిక్కున్నది. అడినినుకు ఎదురుగా సైటోసిన్ పడినదనుకొందము. ఈ రెండింటిలో తప్పేది? రెండును డి.ఎన్.ఏ.లో ఉండదగిన అక్షరములే. మాతృక ఏదో, నకలేదో తెలియక దిద్దినచో సరియైన అక్షరమును కొట్టివేసి తప్పును స్థిరపరచిన వారమగుదుము. పాల్ మోడ్రిక్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఎషెరీషియా కోలి అను బాక్టీరియాలో ఈ చిక్కు ఎట్లు తీరుచున్నదో చూపెను. అందు పాత పేటపై అక్కడక్కడ మిథైల్ గుర్తులుండును. క్రొత్త పేటకు ఆ గుర్తులు కొంచెము ఆలస్యముగా పడును. ఆ కొద్దిపాటి వ్యవధిలో దిద్దు ఎంజైములు గుర్తున్నదానిని మాతృకగా గ్రహించి, గుర్తులేని దానిని కత్తిరించి తిరిగి వ్రాయును. ఈ ఏర్పాటునంతయు మోడ్రిక్ 1989లో పరీక్షనాళికలో మరల కూర్చి చూపెను. లిండాల్, మోడ్రిక్, సన్జార్ మువ్వురకును 2015లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది.

రెండు పేటలును తెగినప్పుడు

ఇంతవరకు చెప్పిన దిద్దుబాట్లన్నింటికి ఎదుటి పేట చెక్కుచెదరకుండుట ఆధారము. రెండు పేటలును ఒకేచోట తెగినప్పుడు ఆ ఆధారము పోవును. కణమునకు అన్నింటికన్న ప్రమాదకరమగు దోషమిది. దీనికి కణము రెండు ఉపాయములు పన్నును. తెగిన కొసలను పట్టుకొని ఉన్నవి ఉన్నట్లు అతుకుట మొదటిది. ఇది త్వరగా జరుగును. అయితే కొసలయందు కొన్ని అక్షరములు పోవచ్చును. ఒక్కొక్కప్పుడు సంబంధము లేని రెండు కొసలు అతుక్కొనవచ్చును. రెండవ ఉపాయము శ్రేష్ఠమైనది. గ్రంథము అప్పటికే నకలైయున్నచో, తెగిన త్రాడునకు తోబుట్టువైన మరియొక పూర్తి త్రాడు ప్రక్కనే ఉండును. కణము దానిని వెదకి, తెగిన భాగమును దానికెదురుగా పెట్టి, పోయిన అక్షరములను చూచి వ్రాసికొనును.

ప్రతులు ఎక్కువైన కొలది దిద్దుబాటు సులభమనుటకు గొప్ప నిదర్శనము డైనోకాకస్ రేడియోడ్యూరన్స్ అను బాక్టీరియా. 1956లో అమెరికాలోని ఆరెగాను రాష్ట్రమున డబ్బాలలోని మాంసమును కిరణములతో శుద్ధిచేయుచుండగా, చావకుండ మిగిలినది ఇదియే. మానవుని దేహమంతటికి 5 గ్రేల కిరణమోతాదు తగిలినచో ప్రాణాపాయము. ఇది 5,000 గ్రేలకును తట్టుకొనును. దాని త్రాడు వందల ముక్కలైనను కొలదిగంటలలో మరల కూడుకొనును. కారణములు పెక్కు గలవు. ఒక్కొక్క కణములో గ్రంథమునకు అనేక ప్రతులుండుట అందులో నొకటి.

దిద్దుబాటు లోపించినచో

దిద్దు ఎంజైములను తయారుచేయుటకు వలసిన సూత్రములు గూడ ఆ గ్రంథములోనే వ్రాయబడియున్నవి. ఆ భాగమే చెడినచో ఏమగును? 19వ శతాబ్దిలో వియన్నా వైద్యులు వర్ణించిన జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అను వ్యాధి దీనికి సమాధానము. ఈ వ్యాధి గల శిశువునకు ఎండ తగిలినచోట్ల మచ్చలు పడి చర్మము పొడిబారును, కన్నులు చెడును, బాల్యమునందే చర్మపు క్యాన్సరులు బయలుదేరును. ఇతర బాలురకన్న వీరికి ఆ ప్రమాదము వేయిరెట్లకు పైన. 1968లో జేమ్స్ క్లీవర్ కాలిఫోర్నియాలో ఈ రోగుల కణములను పరీక్షించి, వానిలో ముక్కను కత్తిరించి పూరించు ఏర్పాటు లోపించినదని కనుగొనెను. ఎండ వారికిని మనకును ఒక్కటే. దిద్దువాడు వారికి లేడు.

నకలులోని తప్పులను దిద్దు జన్యువులు చెడిన కుటుంబములలో పెద్దప్రేగు క్యాన్సరు, గర్భాశయపు క్యాన్సరు తరతరములుగా, చిన్న వయస్సుననే కనిపించును. ఆ జన్యువులలో మొదటిది 1993లో తెలిసినది. తెగిన త్రాడును తోబుట్టువును చూచి దిద్దుటకు తోడ్పడు బి.ఆర్.సి.ఏ. జన్యువులు రెండింటిని 1994, 1995 సంవత్సరములలో గుర్తించిరి. ఇవి చెడిన కుటుంబములలో రొమ్ము క్యాన్సరు, అండాశయపు క్యాన్సరు అధికము. ఈ దోషము తల్లివలననే గాక తండ్రివలనను సంక్రమించును. కావున రోగచరిత్ర అడుగునప్పుడు పుట్టింటివారితోపాటు తండ్రివైపు మేనత్తలను, నాయనమ్మను గూర్చి గూడ విచారింపవలెను. ఈ సంగతి మనవారిలో చాలమందికి తెలియదు.

శత్రువును దిద్దుకొననీయకుండుట

దిద్దుబాటు విద్య తెలిసిన పిదప వైద్యులు దానిని క్యాన్సరుపైననే ప్రయోగించిరి. బి.ఆర్.సి.ఏ. జన్యువు చెడిన క్యాన్సరు కణమునకు ఒక దిద్దుబాటు మార్గము అప్పటికే మూసికొనియున్నది. ఒంటిపేట తెగుళ్ళను దిద్దు మరియొక మార్గమును మందుతో మూసినచో ఆ కణము చచ్చును. ఆరోగ్యవంతమగు కణము మొదటి మార్గముతో బ్రదుకును. 2005లో ఈ సూత్రము నిరూపితమై, 2014లో ఓలాపరిబ్ అను మందు వాడుకలోనికి వచ్చినది.

ఈ తీరు చికిత్సకు పూర్వరంగమున ఒక తెలుగువాని పేరు స్మరింపదగియున్నది. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనమునకు అధిపతియై ఫోలిక్ ఆమ్లమునకు విరోధులగు మందులను తయారుచేయించిరి. వానిలో అమినోప్టెరిన్ అనుదానిని బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరు గల పిల్లలకిచ్చి, వ్యాధి తాత్కాలికముగ తగ్గినదని 1948లో ప్రకటించెను. సుబ్బారావుగారు ఆ యేటనే మరణించిరి. ఫోలిక్ ఆమ్లము పనిచేయనిచో కణమునకు థైమిన్ కరవగును. గతిలేక యురాసిలును త్రాటిలో చేర్చును. దిద్దు ఎంజైము దానిని ఊడబెరుకును, పూరించుటకు థైమిన్ లేక మరల యురాసిలే పడును, మరల ఊడును. ఇట్లు కత్తిరించి కత్తిరించి త్రాడు ముక్కలగును. ఆ మందు క్యాన్సరు కణమును చంపు కారణములలో ఇది యొకటియని పిదప తెలిసినది. అదే వర్గములోని మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది.

మనము గమనింపదగినవి

ఈ శాస్త్రమునుండి మన కుటుంబములకు ఉపకరించు విషయములు మూడు గలవు. మొదటిది పొగాకు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరప్రాంతములయందును, దాని నానుకొనియున్న ఒడిశా తీరమునందును కొందరు స్త్రీలు చుట్టను నిప్పుకొస నోటిలోపల పెట్టుకొని కాల్చు అలవాటు గలదు. దీనిని అడ్డపొగ యందురు. అంగిటి క్యాన్సరునకు ఇది కారణమని వైద్యులు నిరూపించిరి. దిద్దు ఎంజైములు తారును తొలగించుచునే యుండును. అయినను రోజంతయు పడు తప్పులను దిద్దుటకు వాని శక్తి చాలదు. దిద్దకుండ మిగిలిన తప్పు నకలులో స్థిరపడినచో దానిని తిరిగి మార్చు ఉపాయము లేదు. బూజుపట్టిన వేరుశనగ కాయలను ఏరి పారవేయుటయు ఇందువలననే అవసరము.

రెండవది వివాహము. జీరోడెర్మా వంటి వ్యాధులు తల్లిప్రతి, తండ్రిప్రతి రెండును చెడినప్పుడే కలుగును. ఒక ప్రతి మంచిదైనచో ఆ మనుష్యుడు ఆరోగ్యముగనే ఉండును. మేనత్త మేనమామ బిడ్డలకు జన్యువులలో ఎనిమిదవవంతు, మేనమామకును మేనకోడలికిని నాలుగవవంతు ఉమ్మడిగా ఉండును. కావున తాతనాటి దోషమొకటి ఇరువైపులనుండి వచ్చి బిడ్డయందు కలిసికొనుటకు వీలెక్కువ. కన్నడ, తమిళ, మహారాష్ట్ర, ఒడిశా ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మనవారికి సంబంధములు దొరకు వలయము చిన్నది. మేనరికము లేకున్నను దూరపు చుట్టరికము సామాన్యము. మేనరికములన్నియు రోగములకు దారితీయునని దీని భావము కాదు. చాల దంపతులకు ఆరోగ్యవంతులగు బిడ్డలే కలుగుచున్నారు. అయితే కుటుంబములో ఒక బిడ్డకు ఇట్టి వ్యాధి కనిపించినచో, మరల అదే కుటుంబములో సంబంధము కలుపుకొనుటకు ముందు జన్యువైద్యుని సలహా పొందుట యుక్తము. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థయందును, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలయందును ఇందుకు ప్రత్యేక విభాగములున్నవి.

మూడవది కుటుంబ చరిత్ర. పరరాష్ట్రములలో స్థిరపడిన తెలుగు కుటుంబములు గోత్రములు, ఇంటిపేర్లు, వంశవృక్షములు శ్రద్ధతో కాపాడుకొనుచున్నవి. ఆ వంశవృక్షములో ప్రతి పేరు ప్రక్కను ఏ వయస్సున, ఏ వ్యాధితో మరణించిరో ఒక్క మాట వ్రాసి యుంచుట మేలు. నలువదియేండ్లకే ప్రేగు క్యాన్సరుతోనో, రొమ్ము క్యాన్సరుతోనో పోయినవారు ఒకే శాఖలో ఇరువురు మువ్వురున్నచో, బ్రదికియున్నవారు ముందుగా పరీక్షలు చేయించుకొని ప్రాణము కాపాడుకొనవచ్చును. కణము తన తప్పును ఎదుటి పేటను చూచి తెలిసికొనును. దిద్దువాడే లోపించిన కుటుంబము ఆ సంగతిని పెద్దల చరిత్రను చూచి తెలిసికొనవలెను. అట్టి చరిత్ర వ్రాసియుంచు బాధ్యత మనది.